వర్సిటీ పేరు ఒకటే, క్యాంపస్ వేరు: సీటు ఖాయం చేసే ముందు ఏం చూడాలి

ఇంటర్ పరీక్షలు ముగియకముందే ఫోన్లు మొదలవుతాయి. "ఫలానా వర్సిటీ సార్, ఇప్పుడు మన హైదరాబాద్‌లోనే క్యాంపస్ ఉంది, సీట్లు అయిపోతున్నాయి, ఈ రోజే పాతిక వేలు కడితే బ్లాక్ చేస్తాం" అంటారు. గేటు మీద పేరు పెద్దదే. కానీ ఆ పేరు సంపాదించింది వేరే ఊళ్లో ఉన్న క్యాంపస్. మీ పిల్లలు చదివేది ఇక్కడి గదుల్లో, ఇక్కడి అధ్యాపకుల దగ్గర. కాబట్టి తనిఖీ చేయాల్సింది వర్సిటీని కాదు, ఈ క్యాంపస్‌ని. దానికి రెండు మూడు సాయంత్రాలు, ఇంటర్నెట్, ఒక ప్రయాణం చాలు.

మొదట తేల్చుకోవాల్సింది: డిగ్రీ ఇచ్చేది ఎవరు

ఒకే బ్రాండు పేరుతో కనిపించే క్యాంపస్‌లు చట్టం దృష్టిలో రెండు రకాలు. ఈ తేడా తెలియకే ఎక్కువమంది మోసపోతున్నారు.

మొదటి రకం ఆఫ్-క్యాంపస్. డీమ్డ్ వర్సిటీ, అంటే కేంద్రం వర్సిటీ హోదా ఇచ్చిన సంస్థ, కేంద్రం అనుమతితో మరో ఊళ్లో తెరిచిన శాఖ అన్నమాట. బిట్స్ పిలానీ 2008లో శామీర్‌పేట దగ్గర మొదలుపెట్టిన హైదరాబాద్ క్యాంపస్, విశాఖ కేంద్రంగా ఉన్న గీతం 2009లో రుద్రారంలో, 2012లో బెంగళూరు శివారు దొడ్డబళ్లాపురంలో తెరిచినవి ఈ కోవలోకి వస్తాయి. వైస్ ఛాన్సలర్ ఒకరే, పట్టా మీద సంస్థ పేరూ ఒకటే.

రెండో రకం, పేరు కలిసినా పూర్తిగా వేరే విశ్వవిద్యాలయం. అమరావతిలోని వీఐటీ-ఏపీ, ఎస్ఆర్ఎం-ఏపీ రెండూ ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద 2017లో మొదలైన వేర్వేరు వర్సిటీలు. యాజమాన్యం వెల్లూరుదో చెన్నైదో కావచ్చు, కొన్నింట ప్రవేశ పరీక్ష కూడా ఒకటే కావచ్చు. పట్టా ఇచ్చేది మాత్రం అమరావతి వర్సిటీయే. అది తక్కువని ఎవరూ అనడం లేదు. వెల్లూరు ర్యాంకు వెల్లూరుదే, అమరావతి ర్యాంకు అమరావతిదే. బ్రోషర్‌లో మొదటి పేజీ మీద ఉన్న ర్యాంకు ఎవరిదో వేలు పెట్టి అడగండి.

ఎలా చూడాలంటే, వర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ యూజీసీ వెబ్‌సైట్‌లో విశ్వవిద్యాలయాల జాబితాలు నాలుగు విభాగాలుగా ఉంటాయి: కేంద్రీయ, రాష్ట్ర, డీమ్డ్, ప్రైవేటు. మీ క్యాంపస్ ప్రైవేటు జాబితాలో సొంత పేరుతో కనిపిస్తే అది రెండో రకం. కనిపించకపోతే తల్లి సంస్థ డీమ్డ్ జాబితాలో ఉందో లేదో చూసి, ఈ ఊరి ఆఫ్-క్యాంపస్‌కి వచ్చిన అనుమతి ఉత్తర్వు నంబరు, తేదీ అడగండి. 2023 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఆఫ్-క్యాంపస్ పెట్టాలంటే డీమ్డ్ వర్సిటీకి న్యాక్ (విద్యాసంస్థల నాణ్యతకు గ్రేడులిచ్చే సంస్థ) నుంచి 'ఏ' లేదా అంతకు పై గ్రేడైనా ఉండాలి, లేదా ఎన్ఐఆర్ఎఫ్ (కేంద్రం ఇచ్చే ర్యాంకుల జాబితా) యూనివర్సిటీల కేటగిరీలో మొదటి వందలోనైనా ఉండాలి. ఇంత గడప దాటి అనుమతి తెచ్చుకున్న సంస్థకు ఉత్తర్వు చూపడం కష్టం కాదు. "ప్రాసెస్‌లో ఉంది" అన్నారంటే ఇంకా రాలేదనే అర్థం.

రెండు జాబితాల్లోనూ దొరక్కపోతే ఆ క్యాంపస్‌ని వదిలేయండి. ముఖ్యంగా వేరే రాష్ట్రపు ప్రైవేటు వర్సిటీ పేరుతో అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో నడిచే "స్టడీ సెంటర్", "నాలెడ్జ్ పార్ట్‌నర్" బోర్డులు. ఒక రాష్ట్ర శాసనసభ చేసిన వర్సిటీ ఆ రాష్ట్రం హద్దు దాటి తనంతట తాను కేంద్రాలు తెరవడానికి వీల్లేదని ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు వర్సిటీల కేసులో, 2005లో యశ్‌పాల్ తీర్పుతో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ రోజూ క్లాసులు జరిగినా, చేర్చుకునేది కాగితం మీద దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో కావచ్చు. అడ్మిషన్ లెటర్‌లో "మోడ్" అన్న మాట ఎదురుగా ఏం రాశారో చూడండి. యూజీసీ-డెబ్ ఐడీ తీసుకోమని చెప్పారంటే అది రెగ్యులర్ కోర్సు కాదు. ఆ ఐడీ దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులవాళ్లకే.

ఇంకో ముందుజాగ్రత్త. బిల్లు అసెంబ్లీలో పాసైందని, ఇక వర్సిటీ వచ్చేసినట్టేనని నమ్మించి చేర్చుకోవడం 2023లో తెలంగాణలో జరిగింది. గవర్నర్ ఆమోదం రాక, ఆ పిల్లలు ఏ వర్సిటీ విద్యార్థులో తెలియని స్థితిలో తల్లిదండ్రులు గేటు ముందు ధర్నాలు చేశారు. గెజిట్‌లో చట్టం అచ్చయ్యే దాకా అక్కడ వర్సిటీ లేనట్టే.

కాగితాలు: ఏది, ఎక్కడ, ఏ గడిలో

న్యాక్ గ్రేడు గురించి అందరూ చెబుతారు, ఆ గ్రేడు కోసం సంస్థ సమర్పించిన సెల్ఫ్ స్టడీ రిపోర్టు గురించి ఎవరూ చెప్పరు. వర్సిటీ వెబ్‌సైట్‌లో ఐక్యూఏసీ (నాణ్యత చూసే అంతర్గత విభాగం) లేదా న్యాక్ పేజీలో అది పీడీఎఫ్‌గా ఉంటుంది. వందల పేజీలు చూసి బెదరకండి. మొదట్లో "ప్రొఫైల్" భాగంలో క్యాంపస్‌ల పట్టిక ఒకటి ఉంటుంది. మెయిన్ క్యాంపస్సా, ఆఫ్-క్యాంపస్సా, చిరునామా, ఎన్ని ఎకరాలు, కట్టిన వైశాల్యం ఎన్ని చదరపు మీటర్లు, ఏ కోర్సులు, ఎప్పుడు మొదలైంది, యూజీసీ లేదా కేంద్ర మంత్రిత్వ శాఖ గుర్తింపు తేదీ ఏది అని వరసగా గడులు. మీరు చేరబోయే క్యాంపస్ ఆ పట్టికలో ఉందా? గుర్తింపు తేదీ గడి ఖాళీగా ఉందా? గ్రేడు వచ్చాక తెరిచిన క్యాంపస్ అయితే అందులో ఉండదు; అంటే న్యాక్ బృందం ఆ భవనాన్ని చూడలేదు. అలాంటప్పుడు "ఏ++ క్యాంపస్" అని ప్రకటించుకోవడం సరికాదు.

ఇంజినీరింగ్ అయితే సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి లేఖ చూడాలి. ఈఓఏ లెటర్ అంటారు. 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక డీమ్డ్ సంస్థలు సాంకేతిక కోర్సులకు ఈ అనుమతి తీసుకోవాల్సిందే. లేఖలో సంస్థ ఐడీ, చిరునామా, కోర్సు, మంజూరైన సీట్లు ఉంటాయి. చిరునామా మీ క్యాంపస్‌దేనా, విద్యా సంవత్సరం ఈ ఏడాదిదేనా, మీరు కోరుకున్న బ్రాంచి పేరు అక్షరం పొల్లు పోకుండా ఉందా సరిచూడండి. రాష్ట్ర చట్టంతో ఏర్పడ్డ వర్సిటీకి మాత్రం ఏఐసీటీఈ ముందస్తు అనుమతి తప్పనిసరి కాదు. కాబట్టి అక్కడ ఈఓఏ లేదని కంగారుపడక్కర్లేదు.

సీట్ల సంఖ్య దొరికాక ఒక లెక్క వేయండి. 2024-25 నుంచి బాగా నడుస్తున్న సంస్థలకు బ్రాంచికి ఇన్నే సీట్లన్న గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. అందుకే కంప్యూటర్ సైన్స్‌లో సెక్షన్ల మీద సెక్షన్లు పుట్టుకొస్తున్నాయి. ఏడాదికి 600 మందిని తీసుకునే బ్రాంచిలో నాలుగేళ్లకు 2,400 మంది. ఇరవై మందికి ఒక అధ్యాపకుడన్న ప్రమాణం ప్రకారం 120 మంది ఉండాలి. ఒక ప్రొఫెసర్‌కి ఇద్దరు అసోసియేట్లు, ఆరుగురు అసిస్టెంట్లు అన్న నిష్పత్తిలో చూస్తే వాళ్లలో 13 మందైనా ప్రొఫెసర్లు కావాలి. వెబ్‌సైట్‌లో ఆ క్యాంపస్ ఫ్యాకల్టీ పేజీ తెరిచి పేర్లు లెక్కపెట్టండి. రెండు క్యాంపస్‌ల పేజీల్లో ఒకే ఫొటో, ఒకే పేరు ఉంటే ఆయన రెండు చోట్లా పాఠం చెప్పడు కదా. ఏ ఊళ్లో ఉంటారో అడగండి.

ఎన్‌బీఏ (సాంకేతిక కోర్సుల నాణ్యతను పరీక్షించే బోర్డు) గుర్తింపు, సంస్థ మొత్తానికి రాదు, ఒక్కో కోర్సుకు వస్తుంది. మెయిన్ క్యాంపస్‌లో మెకానికల్‌కి ఉందంటే ఇక్కడి మెకానికల్‌కి ఉన్నట్టు కాదు. ఎన్‌బీఏ సైట్‌లో సంస్థ పేరుతో వెతికి చిరునామా చూడండి.

లా, ఫార్మసీ, నర్సింగ్, ఆర్కిటెక్చర్ కోర్సుల్లో ఈ విషయం మరీ ప్రాణాంతకం. బార్ కౌన్సిల్, ఫార్మసీ కౌన్సిల్, నర్సింగ్ కౌన్సిల్, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ అనుమతి కాలేజీ వారీగా ఉంటుంది. ఆ క్యాంపస్‌కి అనుమతి లేకపోతే పట్టా చేతికొచ్చినా న్యాయవాదిగానో ఫార్మసిస్టుగానో నమోదు కాలేరు. ఇక్కడ "వచ్చే ఏడాది వస్తుంది" అన్న మాట ఎంత పెద్దమనిషి చెప్పినా వినొద్దు.

ప్లేస్‌మెంట్ పోస్టర్ చదవడం

నాలుగేళ్లు నిండని క్యాంపస్‌కి ప్లేస్‌మెంట్ చరిత్ర ఉండదు, ఎందుకంటే అక్కడి నుంచి ఇంకా ఎవరూ బయటికి రాలేదు. పోస్టర్ మీది 50 లక్షల ప్యాకేజీ మెయిన్ క్యాంపస్ పిల్లాడిది. ఇది అబద్ధం కాకపోవచ్చు, మీకు పనికొచ్చే సమాచారం మాత్రం కాదు.

ఎన్ఐఆర్ఎఫ్‌కి పంపిన డేటాను వర్సిటీలు తమ సైట్‌లో పెడతాయి. అందులో ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పైచదువులకు వెళ్లారు, జీతాల మధ్యస్థ విలువ (జీతాలను వరసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది) ఎంత అన్న గడులు ఉంటాయి. అత్యధిక ప్యాకేజీ, సగటు ప్యాకేజీ పక్కన పెట్టి ఈ మధ్యస్థాన్నే పట్టుకోండి. ఒక్కడికి కోటి వస్తే సగటు ఎగబాకుతుంది, మధ్యస్థం కదలదు. ఇవి సాధారణంగా సంస్థ మొత్తానికి కలిపి ఇచ్చిన అంకెలు కనుక ప్లేస్‌మెంట్ ఆఫీసును విడిగా నాలుగు అడగాలి: ఈ క్యాంపస్ నుంచి రిజిస్టర్ చేసుకున్నవాళ్లెందరు? ఆఫర్లు కాదు, ఆఫర్ అందుకున్న విద్యార్థులు ఎందరు? కంపెనీలు ఇక్కడికి వస్తాయా, మన పిల్లలు మెయిన్ క్యాంపస్‌కి వెళ్లాలా? కంపెనీ మెయిన్ క్యాంపస్‌కి మాత్రమే అవకాశం ఇస్తే మనవాళ్లకు దరఖాస్తు లింకు వస్తుందా? చివరి ప్రశ్నకు సమాధానం ఆఫీసులో కంటే మూడో ఏడాది విద్యార్థుల దగ్గరే సరిగ్గా దొరుకుతుంది.

వెళ్లి చూసేటప్పుడు

ఓపెన్ హౌస్ రోజున వెళ్లకండి. ఆ రోజు అన్నీ మెరుస్తాయి. సెమిస్టర్ నడుస్తుండగా మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. ల్యాబులు నడిచే సమయం అది. మొదటి ఏడాది ఫిజిక్స్ ల్యాబ్ అందరూ చూపిస్తారు, మీరు మూడో ఏడాది ల్యాబ్ చూపించమనండి. పరికరాల మీద దుమ్ము ఉందా, ఒక్కో పరికరం దగ్గర ఎంతమంది నిలబడ్డారు, రికార్డు పుస్తకాల్లో ఈ నెల తేదీలతో సంతకాలున్నాయా అన్నది ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఐదుగురి కంటే ఎక్కువమంది ఒక పరికరం చుట్టూ ఉంటే వెనకవాళ్లు చూస్తారు, చేయరు.

కొత్త క్యాంపస్‌లలో మొదటి రెండు మూడు బ్యాచ్‌లకు ఎదురయ్యే ఇబ్బందులు దాదాపు ఎక్కడైనా ఒకటే. ఒక బ్లాకు కట్టి మిగతాది కడుతూ ఉంటారు. హాస్టల్ నిండిపోయి కొందరిని బయట అద్దె భవనంలో పెడతారు. సీనియర్ అధ్యాపకులు మెయిన్ క్యాంపస్ వదిలి రారు, కొన్ని పాఠాలు తెర మీద వినాల్సి వస్తుంది. ఎలక్టివ్‌లు (విద్యార్థి ఎంచుకునే సబ్జెక్టులు) సిలబస్ పుస్తకంలో ముప్పై ఉన్నా, చాలినంతమంది ఎంచుకోక నాలుగైదే నడుస్తాయి. ఈ చివరిదాన్ని తల్లిదండ్రులు పట్టించుకోరు, కానీ పిల్లల చదువు నిజంగా చిన్నబోయేది ఇక్కడే. గత సెమిస్టర్‌లో ఈ క్యాంపస్‌లో నిజంగా నడిచిన ఎలక్టివ్‌ల టైమ్‌టేబుల్ అడిగి చూడండి. మంచి క్యాంపస్ అది దాచదు.

ఊరి పేరు చూసి దూరం అంచనా వేయొద్దు. రుద్రారం ఉన్నది సంగారెడ్డి జిల్లాలో, ముంబయి రహదారి మీద. ఎల్బీనగర్ నుంచి రోజూ బస్సులో వెళ్లొచ్చే పిల్లకి రెండు ట్రాఫిక్‌లు మీద పడతాయి. పొద్దున ఎనిమిదిన్నర క్లాసు అందుకునే వేళకు మీరే ఒకసారి ఇంటి నుంచి బయల్దేరి చూడండి. ఆ ప్రయాణం మీకే భారమనిపిస్తే, హాస్టల్ ఫీజు కూడా లెక్కలో కలుపుకోవాలి.

వెళ్లొచ్చేటప్పుడు మెస్‌లో భోజనం చేసి రండి. తాగునీరు ఎక్కడిది, ఎండాకాలంలో ట్యాంకర్లేనా, రాత్రి అస్వస్థత వస్తే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లేది ఎవరు అని వార్డెన్‌ని అడగండి.

డబ్బు

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని ఏజెంట్ చెబితే నమ్మేముందు తెలంగాణలో ఈ-పాస్‌లో, ఆంధ్రలో జ్ఞానభూమిలో ఆ సంస్థ, ఆ కోర్సు ఉన్నాయో లేదో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రైవేటు వర్సిటీల్లో 35 శాతం సీట్లు ఈఏపీసెట్ కన్వీనర్ కోటాలో భర్తీ అవుతాయి. డీమ్డ్ వర్సిటీ ఆఫ్-క్యాంపస్‌కి ఇది వర్తించదు. ఒకే ప్రాంతంలో, దాదాపు ఒకే పేరుతో ఉన్న రెండు సంస్థల మధ్య ఒక పేద కుటుంబానికి లక్షల తేడా ఇక్కడే వస్తుంది.

బ్యాంకు రుణం అడిగేటప్పుడు వర్సిటీ పేరు మాత్రమే చెప్పి ఊరుకోకండి, క్యాంపస్ పేరూ చెప్పండి. కొల్లేటరల్ (తాకట్టు) లేకుండా ఎంత ఇవ్వాలో బ్యాంకులు తమ సంస్థల జాబితా చూసి నిర్ణయిస్తాయి, ఆ జాబితాలో కొన్నిచోట్ల క్యాంపస్ వారీగా పేర్లుంటాయి. పీఎం-విద్యాలక్ష్మి పథకమూ ఎంపిక చేసిన సంస్థలకే. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ వస్తుంది కాబట్టి ఆ పోర్టల్‌లో మీ సంస్థ ఉందో లేదో చూడటం మరిచిపోవద్దు.

మెరుగైన సీటు వచ్చి మానేస్తే డబ్బు తిరిగి రాదని భయపెడతారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానేస్తే మొత్తం ఫీజు వెనక్కి రావాలి. ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 దాటకుండా పట్టుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజుల కంటే తక్కువ సమయం ఉండగా మానేస్తే 90 శాతం, గడువు దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. కొన్ని ఏళ్లకు యూజీసీ ఇంకా ఉదారమైన తేదీలు ప్రకటిస్తుంది; 2024-25కి సెప్టెంబరు 30 దాకా పూర్తి ఫీజు వాపసు ఇమ్మంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగివ్వాలి, దగ్గర ఉంచుకునే హక్కు ఏ సంస్థకూ లేదు. ఇవ్వకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

మధ్యలో ఏదైనా మారితే

"మొదటి ఏడాది ఇక్కడ చదివి రెండో ఏడాది మెయిన్ క్యాంపస్‌కి మారిపోవచ్చు" అనేది కౌన్సెలర్ల నోట ఎక్కువగా వినిపించే ఆశ. క్యాంపస్ మార్పుకు రాతపూర్వక నియమం ఉందా, ఎన్ని సీట్లు, ఎంత సీజీపీఏ కావాలి, ఫీజు తేడా ఎవరు కట్టాలి అన్నది అకడమిక్ రెగ్యులేషన్స్ పుస్తకంలో ఉండాలి. లేకపోతే లేనట్టే. మారవచ్చన్న ఆశతో చేరకండి. నాలుగేళ్లూ ఇక్కడే అనుకుని నచ్చితేనే చేరండి.

క్యాంపస్ హోదాయే మారడం కూడా జరుగుతుంది. మన దగ్గర ఇది కొత్త కాదు. ఆంధ్రా యూనివర్సిటీ 1967లో గుంటూరులో పెట్టిన పీజీ సెంటర్ 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. అనంతపురంలోని వెంకటేశ్వర వర్సిటీ పీజీ సెంటరే తర్వాత శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. శ్రీకాకుళం ఎచ్చెర్ల కేంద్రం 2008లో అంబేడ్కర్ వర్సిటీ అయింది. ఆ మార్పులు ఆ జిల్లాలకు మేలే చేశాయి. చదువు మధ్యలో ఉన్నవాళ్లకు మాత్రం పట్టా ఏ పేరుతో వస్తుందన్నది పెద్ద ప్రశ్న. "మేం త్వరలో సొంత వర్సిటీ అవుతాం" అని గొప్పగా చెప్పే క్యాంపస్‌ని ఈ ప్రశ్న అడగండి.

విదేశీ పేర్లు

విదేశీ వర్సిటీలు ఇక్కడ క్యాంపస్ పెట్టడానికి యూజీసీ 2023 నవంబరులో నిబంధనలు తెచ్చింది. గురుగ్రామ్‌లో సౌతాంప్టన్ వాటి కింద వచ్చిన మొదటి క్యాంపస్, 2025లో తరగతులు మొదలయ్యాయి. గుజరాత్ గిఫ్ట్ సిటీలోని డీకిన్, వొలోంగాంగ్‌లను మాత్రం వేరే నియంత్రణ సంస్థ చూస్తుంది. యూజీసీ నిబంధనల కింద నడిచేవాటి పట్టా మాతృదేశంలో ఇచ్చేదానితో సమానం, మళ్లీ ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ అవసరం లేదు, ఆన్‌లైన్ పాఠాలు పది శాతం దాటకూడదు. "లెటర్ ఆఫ్ ఇంటెంట్ వచ్చింది" అనడం తుది అనుమతి వచ్చిందనడం కాదు. ఈ రెండూ కలిపేసి చెప్పేవాళ్లతో జాగ్రత్త.

అమెరికాలో ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకు శాటిలైట్ క్యాంపస్ మరింత దగ్గరి విషయం. బోస్టన్ నార్త్ఈస్టర్న్‌కి సియాటిల్, సిలికాన్ వ్యాలీ లాంటి చోట్ల క్యాంపస్‌లున్నాయి. మన పిల్లలు ఎక్కువగా చేరే సెంట్రల్ మిస్సోరీకి కాన్సస్ సిటీ పక్కన లీస్ సమ్మిట్‌లో ఉంది. ఐ-20లో (వీసా కోసం వర్సిటీ ఇచ్చే పత్రం) ఏ క్యాంపస్ చిరునామా ఉందో అక్కడే చదవాలి. ఆ క్యాంపస్ పేరు విడిగా సెవిప్ (విదేశీ విద్యార్థులను చేర్చుకునే స్కూళ్లకు గుర్తింపునిచ్చే అమెరికా ప్రభుత్వ విభాగం) సర్టిఫైడ్ స్కూళ్ల జాబితాలో కనిపించాలి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసు, అంటే మూడు క్రెడిట్లు మాత్రమే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తాయి. చిన్న క్యాంపస్‌లలో ఎదురుగా చెప్పే కోర్సులు తక్కువ కాబట్టి ఈ లెక్క తప్పే ప్రమాదం అక్కడే ఎక్కువ. వచ్చే సెమిస్టర్ కోర్సుల జాబితా తెరిచి, ఆ క్యాంపస్ పేరు ఎదురుగా "ఇన్ పర్సన్" అని ఉన్నవి కనీసం మూడు ఉన్నాయో లేదో డిపాజిట్ కట్టకముందే చూసుకోండి.

డబ్బు కట్టే ముందు పంపాల్సిన మెయిల్

ఫోన్లో చెప్పిందేదీ తర్వాత నిలవదు. రిజిస్ట్రార్‌కి, అడ్మిషన్స్ డైరెక్టర్‌కి కలిపి, కన్సల్టెన్సీకి కాకుండా, వర్సిటీ సొంత డొమైన్ ఉన్న చిరునామాకు ఇలా రాయండి:

"మా అబ్బాయి ఫలానా క్యాంపస్‌లో ఫలానా కోర్సులో చేరాలనుకుంటున్నాడు. పట్టా మీద ముద్రించే సంస్థ పేరు ఏది? ఈ క్యాంపస్‌కి వచ్చిన అనుమతి ఉత్తర్వు ప్రతి పంపగలరు. ఈ కోర్సుకు ఈ ఏడాది మంజూరైన సీట్లు ఎన్ని? ఈ శాఖలో ఇక్కడ పూర్తికాలం పనిచేస్తున్న అధ్యాపకులు ఎందరు? నాలుగేళ్ల ఫీజు, ఏటా పెంపు, హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులతో సహా తెలపగలరు. ప్రవేశాల చివరి తేదీ ఏది?"

చివరి తేదీ అడగడం ఫీజు వాపసు కోసం. అది రాతలో లేకపోతే తర్వాత వాళ్లిష్టం వచ్చిన తేదీ చెబుతారు. వారం దాటినా జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే మీకు సమాధానం వచ్చినట్టే. జవాబు వస్తే ప్రింటు తీసి బ్రోషర్‌తో కలిపి ఫైలులో పెట్టండి. డబ్బు వర్సిటీ పేరు మీదున్న ఖాతాకే ఆన్‌లైన్‌లో పంపండి. రసీదు మీద ట్రస్టు పేరో కన్సల్టెన్సీ పేరో ఉంటే ఆ రోజే వెనక్కి ఇచ్చి, క్యాంపస్ పేరు, కోర్సు, విద్యా సంవత్సరం రాసిన వర్సిటీ రసీదు తీసుకోండి.